రాతి మీద గీసిన ఆటలు



చరిత్రకు ఆధారాలేమిటని అడిగితే మీరు తడుముకోకుండా శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కట్టడాలు అంటారు. పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వస్తాయి. ఈ పాఠంలో మనం ఆ జాబితాలో సాధారణంగా కనిపించని ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. దాన్ని చూడడానికి మీరు ఢిల్లీకో, లండన్‌కో వెళ్ళనక్కర్లేదు. మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఉన్న పాత గుడికి వెళ్ళండి. శిల్పాల కోసం తలెత్తి చూడడం మనకు అలవాటు. ఈసారి తల దించి చూడండి. మండపంలో నలుగురూ కూర్చునే అరుగు మీద, కోనేటి మెట్ల మీద, గాలిగోపురం నీడపడే బండల మీద గీతలు కనిపించవచ్చు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు, వాటి భుజాల మధ్య బిందువులను కలిపే చిన్న గీతలు ఉంటే అది దాడి ఆట. ఒక శిఖరం నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోసుకుంటూ పోయే అడ్డగీతలు ఉంటే అది పులి-మేక. రెండు వరుసల్లో ఏడేసి చిన్న గుంటలు తొలిచి ఉంటే అవి వామనగుంటలు. అయిదేసి గళ్ళు అయిదు వరుసలుగా ఉండి, కొన్ని గళ్ళలో అడ్డంగా ఇంటూ గుర్తులు ఉంటే అది అష్టాచెమ్మా. ఈ పేరుతో 2008లో ఒక తెలుగు సినిమా వచ్చింది కనుక ఆట ఆడనివారికి కూడా పేరు పరిచయమే.

వీటిని ఎవరు చెక్కారు? రాజు చెక్కించలేదు. స్థపతి నమూనాలో ఇవి లేవు. గుడికి ఎకరాల భూమి దానం చేసినవాడి పేరు శాసనంలో ఉంటుంది. కానీ మధ్యాహ్నపు ఎండ తగ్గేదాకా మండపంలో కూర్చున్న కాపలాదారు, సంతకు పోతూ ఆగిన బండివాడు, మేకలను బీడుకు తోలి వచ్చిన కుర్రాడు ఏ శాసనంలోనూ ఉండరు. వాళ్ళు అక్కడ కూర్చున్నారనడానికి మిగిలిన సాక్ష్యం ఈ గీతలే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల వంశావళిని పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది కావ్యాల నుంచి ఏరి కూర్చారు. ఆయన కావ్యాలలో వెతికినదానికి మనం బండల మీద వెతకాల్సినది తోడవుతుంది.

అయితే ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. బండ మీద గీత ఎప్పటిది? గుడి పదిహేనో శతాబ్దానిది కనుక ఆట కూడా పదిహేనో శతాబ్దానిదే అనేస్తే తప్పవుతుంది. హంపీని తీసుకోండి. అక్కడ మండపాల నేల మీద ఇలాంటి ఆటగళ్ళు చాలా ఉన్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత ఆ నగరం పాడుబడింది. ఒక గీతను యుద్ధానికి ముందు విజయనగర సైనికుడు గీసి ఉండవచ్చు. నూరేళ్ళ తర్వాత ఆ శిథిలాల నీడలో కూర్చున్న గొర్రెల కాపరి కూడా గీసి ఉండవచ్చు. గీతను చూసి ఇద్దరిలో ఎవరో చెప్పలేం. గుడి కట్టిన సంవత్సరం మనకు ఒక్కటే చెబుతుంది: నేలలో పరిచిన తర్వాతే గీసి ఉంటే, ఆ గీత అంతకు ముందుది కాదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఈజిప్టులో కుర్నా అనే చోట మొదటి సేతి రాజు కట్టించిన గుడి ఉంది. కాలం క్రీ.పూ. 1300 ప్రాంతం. దాని పైకప్పు పలకల మీద దాడి ఆటను పోలిన గీతలున్నాయి. శ్రీలంకలో పనిచేసిన హెచ్. పార్కర్ అనే ఆంగ్లేయుడు 1909లో ప్రచురించిన పుస్తకంలో, ఆ గీతలు గుడి కట్టిన రాతిపనివారివేనని వాదించాడు. ఆ మాట పుస్తకం నుంచి పుస్తకానికి పాకి, దాడి ఆట వయసు మూడువేల ఏళ్ళకు పైనే అని స్థిరపడిపోయింది. తరువాతి పరిశోధకులు అనుమానించారు. ఎందుకంటే అదే పైకప్పు మీద క్రైస్తవ శిలువ గుర్తులు కూడా ఉన్నాయి. అంటే క్రీస్తు తర్వాత కూడా అక్కడికి మనుషులు ఎక్కారు, రాతి మీద గీశారు. శిలువ గీసిన చేయి ఆటను గీయలేదని ఎలా చెప్పగలం?

అలాగని అన్ని గీతలూ మొండికేయవు. ఆటపటం సగంలో తెగిపోయి, పలక అంచు దాని మీదుగా పోతుంటే, పలకను కోసి అమర్చక ముందే ఆటను గీశారన్నమాట. గీత మీదుగా తర్వాతి కాలపు గోడ లేచి ఉంటే ఆట ఆ గోడ కన్నా పాతది. పటం నిటారు గోడకు ఉంటే, దాని మీద కాయలు నిలబడవు కనుక, ఆ రాయి ఒకప్పుడు నేల మీద పరిచి ఉండేదని, ఎక్కడి నుంచో తెచ్చి గోడలో పెట్టారని అనుకోవచ్చు. ఇది మీరు భూగర్భశాస్త్రంలో చదువుకున్న పొరల సూత్రమే. పైది తర్వాతిది, కోసినది కోయబడినదాని తర్వాతిది.

తవ్వకాలలో దొరికిన వస్తువులకు కాలనిర్ణయం కొంత నయం. అవి ఏ పొరలో దొరికాయో తెలుస్తుంది కనుక. హరప్పా, మొహెంజొదారోలలో కాల్చిన మట్టి పాచికలు దొరికాయి. ఘనాకారం, ఆరు ముఖాలు, చుక్కలు. చూస్తే నేటి పాచికలాగే ఉంటుంది. కానీ నేటి పాచికలో ఎదురెదురు ముఖాలను కూడితే ఏడు వస్తుంది. మొహెంజొదారో పాచికల్లో చాలావాటికి ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, అయిదుకు ఎదురుగా ఆరు ఉంటాయి. నాలుగు వేల ఏళ్ళకు పూర్వపు మనిషి చుక్కలను పెట్టిన క్రమం అది. తమిళనాడులో మదురై సమీపాన ఉన్న కీళడి తవ్వకాలలో దంతపు పాచిక, మట్టి ఆటకాయలు, గుండ్రంగా అరగదీసిన పెంకుబిళ్ళలు బయటపడ్డాయి. అక్కడే 2023లో మ్యూజియం తెరిచారు.

ఈ పెంకుబిళ్ళ సంగతి కొంచెం ఆగి చూడాలి. పగిలిన కుండ పెంకును గుండ్రంగా అరగదీస్తే అది తొక్కుడుబిళ్ళ కావచ్చు. చిన్న ముంత మీద మూత కావచ్చు. తూకపు రాయి కావచ్చు. లెక్కపెట్టుకునే గుర్తు కావచ్చు. వస్తువు తన పేరు తాను చెప్పదు. ‘ఆటబిళ్ళ’ అని మ్యూజియం చీటీ మీద రాసి ఉంటే, అది ఒక పురావస్తు శాస్త్రజ్ఞుడి అభిప్రాయం. సరైనదే కావచ్చు. కానీ అభిప్రాయమేనని గుర్తుపెట్టుకోండి.

వస్తువు దొరికింది, కాలం తెలిసింది అనుకుందాం. అయినా అసలుది చేజిక్కలేదు. ఆట అంటే బల్లా, కాయలూ కావు. ఆట అంటే నియమం. కాయ ఎటు నడుస్తుంది, ఎప్పుడు చస్తుంది, ఎవరు గెలిచినట్టు? ఇవి రాతిలో ఉండవు. ఆడేవాళ్ళ తలల్లో ఉంటాయి. ఆడేవాళ్ళు పోతే నియమాలూ పోతాయి. అలా పోయిన ఆట ఎలా తిరిగి దొరుకుతుందో చూపించే ఒక కథ ఉంది. ఆ కథ ఇరాక్‌లో మొదలై కేరళకు వస్తుంది.

లియొనార్డ్ వూలీ 1922 నుంచి 1934 వరకు ఇరాక్‌లోని ప్రాచీన ఉర్ నగరంలో తవ్వకాలు జరిపాడు. అక్కడి రాజసమాధులలో ఇరవై గళ్ళ ఆటబల్లలు దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 2600 ప్రాంతం. గవ్వచిప్ప, ఎర్రరాయి, నీలపురాయి పొదిగిన ఆ బల్ల నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అద్దాల పెట్టెలో అందంగా ఉంది, కానీ ఎలా ఆడాలో ఎవరికీ తెలియదు. అదే మ్యూజియంలో మరో గదిలో బాబిలోన్ నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఒక మట్టిపలక ఉంది. క్రీ.పూ. 177 ప్రాంతంలో ఒక లేఖకుడు రాసినది. మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ 1980లలో దాన్ని చదివి, అది ఇరవై గళ్ళ ఆట నియమాల గురించేనని పోల్చుకున్నాడు. సమాధిలోని బల్లకూ ఈ పలకకూ మధ్య దాదాపు రెండున్నర వేల సంవత్సరాలు. అంతకాలంలో ఆట ఏమీ మారకుండా ఉంటుందా? ఉండదు. కనుక పలకలో ఉన్నది ఉర్ రాజుల ఆట కాదు, దాని మునిమనవరాలు.

ఇక కేరళ సంగతి. ఇజ్రాయెల్‌లోని ఒక మ్యూజియం సేకరణలో కొచ్చి యూదుల ఇంటి నుంచి వచ్చిన ఒక చెక్కబల్ల ఫింకెల్ కంటపడింది. దాని మీదా ఇరవై గళ్ళే. కొచ్చి యూదులలో ఎక్కువమంది 1950లలో ఇజ్రాయెల్‌కు వలసవెళ్ళారు. అలా వెళ్ళినవారిలో ఒక వృద్ధురాలు దొరికింది. అడిగితే, చిన్నతనంలో కొచ్చిలో ఈ ఆట ఆడేదాన్నని చెప్పి, ఎలా ఆడేవారో వివరించింది. బాబిలోనియా నుంచి తరలివచ్చిన యూదులతో పాటు ఆ ఆట మన పడమటి తీరానికి చేరి ఉంటుందని ఫింకెల్ అభిప్రాయం. ఆ వలస దారి గురించి మీరు వేరే అభిప్రాయానికి రావచ్చు. కానీ ఒక విషయం గమనించండి. రాజసమాధి ఇవ్వలేనిది, అద్దాల పెట్టె ఇవ్వలేనిది ఒక ముసలమ్మ జ్ఞాపకం ఇచ్చింది. ఆమెను ఇంకొన్నేళ్ళు ఆలస్యంగా అడిగి ఉంటే?

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. అష్టాచెమ్మా నియమాలు మీ అమ్మమ్మకో నాయనమ్మకో తెలిసి ఉంటాయి. నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. మిగిలినప్పుడు ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. గవ్వను నాణెంలా భావించి లెక్క వేస్తే అష్టా పదహారులో ఒకసారి, చెమ్మా కూడా పదహారులో ఒకసారి పడాలి. సమానంగా పడేదానికి ఒకదానికి ఎనిమిది, ఇంకోదానికి నాలుగు ఎందుకిచ్చారు? ఇక్కడే గవ్వ నాణెం కాదన్న సంగతి గుర్తుకు రావాలి. ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు చీలిక. బోర్లా పడే అవకాశం, వెల్లకిలా పడే అవకాశం సమానం కానక్కర్లేదు. వెల్లకిలా పడే అవకాశం నూటికి నలభై అనుకోండి. అప్పుడు చెమ్మా వెయ్యికి దాదాపు 26 సార్లు, అష్టా దాదాపు 130 సార్లు పడతాయి. ఒకటి ఇంకోదానికి అయిదు రెట్లు! నలభై అన్నది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె మాత్రమే. మీ ఇంట్లో గవ్వలను అయిదువందల సార్లు వేసి మీ అంకె మీరు తేల్చండి. గవ్వలను సానరాయి మీద వీపు అరగదీసి ఆడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అరగదీసిన గవ్వకు, తీయని గవ్వకు తేడా ఎంతో కూడా చూడండి. ఇది చరిత్ర పాఠమా, గణిత పాఠమా అని అడగకండి. వేరు చేయడం నాకు చేతకాదు.

గవ్వల ఆట పేరెత్తాక పచ్చీసు గురించి చెప్పకపోతే ఎలా? కూడిక గుర్తు ఆకారంలో గుడ్డ మీద కుట్టిన పటం, మధ్యలో ఇల్లు. పచ్చీస్ అంటే ఇరవై అయిదు, ఆ ఆటలో పడే పెద్ద పందెం. ఫతేపూర్ సిక్రీలో అక్బర్ రాజప్రాసాదపు ముంగిట నేల మీదే ఈ పటం పరిచి ఉంది. దాని మీద మనుషులనే కాయలుగా నడిపించేవారని మార్గదర్శకులు చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ, ఆ మాటను ఆధారంగా కాక ఐతిహ్యంగానే రాసుకోండి. అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో చౌపర్ ఆటను, అక్బర్ కల్పించిన పదహారుమంది ఆడే మరో ఆటను వర్ణించాడు. అది మాత్రం రాతపూర్వక సాక్ష్యం. ఈ పచ్చీసే పడమటికి పోయి అమెరికాలో 1874లో ‘పార్చీసీ’ అనే వ్యాపార చిహ్నంగా నమోదయింది. ఇంగ్లండులో 1896లో ‘లూడో’గా పేటెంటు పొంది, మళ్ళీ మన ఇళ్ళకే డబ్బాలో వచ్చింది.

మెక్సికోలో అజ్టెక్‌లు పటోల్లి అనే ఆట ఆడేవారు. చాప మీద కూడిక గుర్తు ఆకారంలో పటం, చిక్కుడు గింజలే పాచికలు. ఇంగ్లండు మానవశాస్త్రజ్ఞుడు ఇ.బి. టైలర్ 1879లో ప్రచురించిన వ్యాసంలో, ఇంత పోలిక కాకతాళీయం కాదని, ఆసియా నుంచి ఆట అమెరికాకు చేరి ఉంటుందని వాదించాడు. 1950లో చార్ల్స్ ఎరాస్మస్ దీనికి జవాబు రాశాడు. పాచిక వేసి కాయ నడిపే పోటీ ఆటకు బల్ల గీయడానికి మనిషికి ఉన్న దారులు కొన్నే. దారులు కొన్నే అయినప్పుడు సముద్రానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే దారి తొక్కడంలో వింతేముంది? నాకు ఎరాస్మస్ పక్షమే సబబుగా తోస్తుంది. మీ ఊరి పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. నేపాల్‌లో ఆడే బాగ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు. పటమూ వేరు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారని తొందరపడి తీర్పు చెప్పే ముందు, పులి భయం ఉన్న పల్లె ఎక్కడైనా ఇలాంటి ఆట పుట్టగలదా అని ఆలోచించండి.

నియమాలను రాసి దాచినవారు మన దేశంలో లేకపోలేదు. మైసూరు రాజు మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868) చేతుల నుంచి 1831లో ఆంగ్లేయులు పాలనాధికారం తీసేసుకున్నారు. రాజ్యం లేని రాజు తన తీరికను సంగీతానికి, గ్రంథాలకు, ఆటలకు వెచ్చించాడు. ఆయన ఆధ్వర్యంలో తయారైన ‘శ్రీతత్త్వనిధి’ అనే బృహత్ సచిత్ర గ్రంథంలో కౌతుక నిధి అనే భాగం మొత్తం ఆటల గురించే. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌కు వెళితే గోడల మీద ఆటపటాలు చిత్రించి ఉంటాయి. చాలామంది వాటిని అలంకారమనుకుని దాటిపోతారు.

అంత అదృష్టం అన్ని ఆటలకూ పట్టలేదు. గంజీఫా అనే గుండ్రని పేకముక్కల ఆటను తీసుకోండి. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా పంపినట్లు తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. తర్వాత అది దేశమంతా పాకి, దశావతారాల బొమ్మలు తొడిగింది. మన తెలంగాణలోని నిర్మల్‌లో కూడా నకాషీ చిత్రకారులు గంజీఫా ముక్కలు తయారుచేసేవారు. నిర్మల్ బొమ్మలు ఇప్పటికీ దుకాణాలలో కొనుక్కోవచ్చు. ఆ ముక్కలు పంచుకుని ఆడేవాళ్ళను వెతికి పట్టుకోవడం కష్టం. బిష్ణుపూర్‌లోనూ సావంత్‌వాడిలోనూ ముక్కలు నేటికీ చిత్రిస్తున్నారు. కొనేవారిలో ఎక్కువమంది గోడకు తగిలించుకోవడానికే కొంటారు.

మరి బండల మీది ఆటల గతి? గుడికి జీర్ణోద్ధరణ అంటే పాత బండలు లేపి నున్నటి గ్రానైటు పరచడం అన్న అభిప్రాయం ఊళ్ళలో బలపడింది. భక్తి తోనే చేస్తారు, చందా వేసుకుని మరీ చేస్తారు. ఇసుక పీడనంతో రాతిని శుభ్రం చేసే యంత్రాలు వచ్చాక సన్నటి గీతలు ఒక్క పూటలో మాయమవుతున్నాయి. శాసనమున్న రాయిని ఎవరైనా కనీసం పక్కన పెడతారు. పులి-మేక గీసిన రాయిని ఎవడో ఆకతాయి పాడుచేసిన రాయిగానే చూస్తారు.

కనుక సెలవుల్లో మీరు చేయగల పని ఇది. ఉదయం తొమ్మిదికి ముందో, సాయంత్రం నాలుగున్నర తర్వాతో వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే గీతలు లేచి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం కనిపించవు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. గీతల మీద సుద్ద పూయవద్దు, మేకుతో దిద్దవద్దు. రక్షిత కట్టడమైతే 1958 నాటి చట్టం ప్రకారం అది నేరం కూడా. పొడవు, వెడల్పు, గళ్ళ సంఖ్య, పలక అంచుకు ఎంత దూరం, ఏ దిక్కున ఉంది అన్నవి నోటు పుస్తకంలో ఎక్కించండి. తర్వాత అదే అరుగు మీద కూర్చునే పెద్దవాళ్ళను అడగండి. “తాతా, దీన్ని మీరేమంటారు?” అని మొదలుపెట్టండి. పేరు మీరు అందించకండి. ఒక ఊళ్ళో దాడి అన్నదాన్ని ఇంకో ఊళ్ళో ఇంకేదో అంటారు. ఆ తేడాయే మనకు కావాలి. పావు చచ్చాక మళ్ళీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, మేకను తినే అవకాశం పులి వదులుకుంటే ఏమవుతుందో అడగండి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెప్పి వాదులాడుకుంటే సర్దిచెప్పకండి, రెండూ రాసుకోండి. వాళ్ళను ఒక ఆట ఆడి చూపించమనండి. కాయలు లేవంటారు. చింతపిక్కలు మీరే తీసుకెళ్ళండి.